పడుగు పేజీలో పదకొండో వరుస

నగరి,
9 జూన్ 2025

ఏర్పేడులో ఉద్యోగం చేసే నా మనవరాలు లోహితకు, నీ అవ్వ మునిరత్నమ్మ చెప్పి రాయిస్తున్న జాబు.

ఫోను ఉండగా జాబెందుకని అడుగుతావు. ఫోనులో నువ్వు "సరే అవ్వా, సరే అవ్వా" అంటావు. నాలుగో సరేకి నిన్ను ఇంకెవరో పిలుస్తారు, పెట్టేస్తావు. జాబయితే చేతిలో పట్టుకొని కూర్చొని చదవాలి. చదివాక జవాబు రాయాలి.

ఇది రాసేది పక్కింటి నాగవేణి. అంగన్‌వాడీలో ముప్ఫై ఏండ్లు పిల్లల చేత అక్షరాలు దిద్దించిన మనిషి కదా, నా మాటలను కూడా దిద్దుతుంది. నేను "సూడు" అంటే "చూడు" అని రాస్తుంది. రాయనీ. చెప్పిన సంగతి మారకుంటే చాలు.

మొన్న శనివారం మీ కంపెనీవాళ్ళు చేసిన మగ్గం వికీని నాగవేణి తన ఫోనులో చదివి వినిపించింది. నేతపని తెలిసినవాళ్ళు ఎవరైనా తమకు తెలిసింది రాయవచ్చు, తప్పుంటే ఎవరైనా దిద్దవచ్చు అని మొదటే పెద్ద అక్షరాలతో ఉందట. సంతోషపడ్డాను. గంజి గురించి ఉంది, రాట్నం గురించి ఉంది. తర్వాత నిలువు పోగుల సంగతి, పడుగు పేజీ. అందులో పదకొండో వరుస ఇది: "పాత పడుగుకు కొత్త పడుగు పోగులను అతకడం నేతగాని పని. ఇంటి ఆడవారు అతనికి సహాయపడతారు."

మళ్ళీ చదవమన్నాను. మళ్ళీ అదే.

పాపా, మగ్గం మీద పడుగు అయిపోవచ్చినప్పుడు పాత పోగుల కొసలను అట్లే ఉంచి, కొత్త పడుగులోని ఒక్కొక్క పోగునూ ఒక్కొక్క కొసకు మెలిపెట్టి అతకాలి. మీ నాయన మగ్గానికి రెండు వేల నాలుగు వందల పోగులు. పోగు జారకుండా వేళ్ళకు బూడిద అద్దుకొని, తల ఎత్తకుండా చేయాలి. పదమూడో ఏట మొదలుపెట్టాను. ఇప్పుడు డెబ్బై ఆరు. ఈ వీధిలో మగవాడు పోగు అతకగా నేను చూడలేదు. మేం అతికేంతసేపూ వాళ్ళు టీ అంగట్లో ఉంటారు. అడ్డం రాకుండా ఉండడం సహాయమే అయితే, సహాయపడేది వాళ్ళు.

ఆ వరుస మారాలి. వెంటనే జవాబు రాయి.

నీ అవ్వ మునిరత్నమ్మ వేలిముద్ర


ఏర్పేడు,
14 జూన్ 2025

అవ్వా,

మా ఆఫీసుకు పోస్టులో జాబు రావడం ఇదే మొదటిసారి. అందరూ నా కుర్చీ చుట్టూ చేరి నీ వేలిముద్ర చూశారు.

నువ్వు చెప్పింది నిజమే. చిన్నప్పుడు నీ పక్కన కూర్చొని బూడిద గిన్నె తన్నేసి దెబ్బలు తిన్నది నేనే కదా. ఆ పేజీ రాసింది గిరిప్రసాద్ గారు. తిరుపతిలో నేతపని పాఠాలు చెప్తారు, మా వికీలో రాసేవాళ్ళందరికీ పెద్ద దిక్కు. మంచివారు. పుస్తకంలో ఎట్లా ఉందో అట్లాగే రాసి ఉంటారు.

ఇంక నువ్వు దిగులు పెట్టుకోవద్దు. నీ జాబు చదివిన ఐదు నిమిషాల్లో ఆ వరుస మార్చేశాను. ఇప్పుడు "పోగులు అతకడం ఇంటి ఆడవారి పని" అని ఉంది. నాగవేణి అత్తతో చదివించుకో. ఇలాంటివి ఇంకేమున్నా ఒక్క ఫోను చెయ్యి. నాకు నిమిషం పని.

మోకాళ్ళకు నూనె రాసుకుంటున్నావా?

నీ లోహిత


నగరి,
17 జూన్ 2025

లోహితకు,

నువ్వు మార్చిన వరుస తీసేసి, పాతదాన్నే మళ్ళీ పెట్టు.

అవును, తప్పు వరుసనే పెట్టమంటున్నాను. ముందు జాబులో చివర నేను చెప్పిన మాట ఒకటి ఉంది. "ఆ వరస మారాల. మార్చేది నేను. నువ్వు సెయ్యి పెట్టొద్దు." నాగవేణి మొదటి ముక్క రాసి తక్కినది మింగేసింది. అడిగితే, పిల్ల నొచ్చుకుంటుందని వదిలేశానంది. ఇకమీద రాసిన ప్రతి జాబూ నాకు రెండుసార్లు చదివి వినిపించిన తర్వాతే కవరులో పెట్టాలని చెప్పాను.

(పెద్దమ్మ నా పక్కనే కూర్చొని ఉంది. ఈ జాబులో నేనేమీ వదల్లేదు. – నాగవేణి)

నేనే ఎందుకు మార్చాలో చెప్తాను. మీ నాయన నాలుగేండ్ల పిల్లవాడుగా ఉన్నప్పుడు నేతవాళ్ళకు కార్డులివ్వాలని పేర్లు రాసుకోవడానికి ఆఫీసరు వచ్చాడు. మా ఇంటి అరుగు మీద కూర్చొని ఇంట్లో ఎవరెవరు ఏం పని చేస్తారని అడిగాడు. నేను గడపలో నిలబడి ఉన్నాను. పది వేళ్ళకూ బూడిద ఉంది. ఆయన నా వైపు చూసి, "ఆమె ఏం చేస్తుంది?" అని మీ తాతను అడిగాడు. "ఏమీ లేదు సార్, ఇంట్లోనే ఉంటాది" అని మీ తాత చెప్పాడు. ఆఫీసరు అదే రాసుకున్నాడు. నేను నోరు తెరవలేదు. తెరవనందుకు ఇప్పటికీ నా మీద నాకు కోపం.

ఆ రోజు నన్ను అడగాల్సిన మాటకు ఇంకొకరు జవాబు చెప్పారు. ఇప్పుడు నువ్వు చెప్తున్నావు. నువ్వు మంచిపిల్లవు, నాకు తెలుసు. మీ తాత కూడా మంచివాడే.

పాత వరుస పెట్టు. ఎట్లా మార్చాలో రాసి పంపు. మోకాళ్ళు బాగున్నాయి.

మునిరత్నమ్మ వేలిముద్ర


ఏర్పేడు,
21 జూన్ 2025

అవ్వా,

పెట్టేశాను. తప్పని తెలిసీ తప్పును వెనక్కి తెచ్చి పెట్టినది మా ఆఫీసులో నేనొక్కదాన్నే అయి ఉంటాను.

మార్చడం చాలా సులువు. నాగవేణి అత్త మొదట ఖాతా తెరవాలి. చాలా సులువు. ఒక పాస్‌వర్డు పెట్టాలి, అందులో ఇంగ్లీషు పెద్దక్షరం ఒకటి, అంకె ఒకటి, చుక్కో గీతో ఒక గుర్తు ఉండాలి. తర్వాత మనిషేనని తెలుసుకోవడానికి కొన్ని బొమ్మలు చూపిస్తుంది. అది దాటితే పడుగు పేజీ తెరిచి "సవరించు" నొక్కితే లోపలి రాత కనిపిస్తుంది. అక్కడక్కడా కొన్ని గుర్తులు ఉంటాయి, వాటిని కదిలించవద్దు. మాటలు మాత్రం మార్చి "భద్రపరచు" నొక్కితే అయిపోయింది. చాలా సులువు.

లోహిత


ఏర్పేడు,
1 జూలై 2025

అవ్వా,

ఇంత కోపమా నీకు?

నిన్న పొద్దున గిరిప్రసాద్ గారు ఫోను చేశారు. పడుగు పేజీని ఎవరో కింది నుంచి ఒక్కొక్క వరుసే తీసేస్తూ వచ్చారని, ముప్ఫై వరుసలు పోయాయని చెప్పారు. చూస్తే నాగవేణి అత్త ఖాతా. ఆయన పేజీని మళ్ళీ నిలబెట్టి ఆ ఖాతాను ఆపేశారు. తీసిన ప్రతి వరుసా లోపల దాచి ఉంటుంది కాబట్టి సరిపోయింది. ఆ పేజీ ఆయన మూడు నెలల కష్టం.

నా మీద కోపముంటే నా మీద చూపించు. నేను మారుస్తానంటే వద్దన్నావు. తప్పును తిరిగి పెట్టమంటే పెట్టాను. ఇప్పుడు ఆఫీసులో అందరి ముందూ ఆమె మా అవ్వ అని ఎట్లా చెప్పుకోను?

లోహిత


నగరి,
4 జూలై 2025

లోహితకు,

నాకు కోపమొచ్చి పేజీ చెరిపానని నువ్వే అనుకొని, నువ్వే బాధపడి, నువ్వే జాబు రాశావు. నన్ను అడగలేదు. ఇప్పుడు కూర్చొని చదువు.

నీ జాబులో చాలా సులువని మూడుసార్లు ఉంది. పొద్దున పది గంటలకు నాగవేణి ఫోను పట్టుకొని మా పంచలో కూర్చుంది. ఆమె పెట్టిన పాస్‌వర్డు బలహీనంగా ఉందని ఫోను మూడుసార్లు చెప్పిందట. నాగవేణి మాత్రం బలహీనంగా లేదు, ఫోను విసిరికొట్టేట్టు ఉంది. తర్వాత, నువ్వు మనిషివని రుజువు చేసుకో, బస్సులున్న గళ్ళు చూపించు అంది. నగరి బస్టాండులో నిలబెట్టు, వచ్చేది ఏ ఊరి బస్సో దూరం నుంచే చెప్తాను. గోరంత గడిలో చక్రం కొస చూపించి ఇది బస్సా కాదా అంటే ఏం చెప్పేది? నాలుగోసారికి నన్ను మనిషి కింద ఒప్పుకుంది. డెబ్బై ఆరేండ్లలో ఆ మాట నన్నెవరూ అడగలేదు.

లోపలికి పోతే మాటల చుట్టూ కొక్కేల మాదిరి గుర్తులట. ఇటు రెండు, అటు రెండు. ముళ్ళకంప మీద ఆరేసిన గుడ్డ మాదిరి ఉంది పెద్దమ్మా, యాడ పట్టుకొని లాగాలో తెలీడం లేదు అంది నాగవేణి.

అప్పుడు నేను చెప్పాను, చివరి వరుస నుంచి తీసుకుంటూ రమ్మని. మగ్గం సద్దులో పుట్టిన పిల్లవు, నీకిది తెలియదా? నేస్తూ పోయాక జానెడు వెనక అడ్డంగా పోయే పేక పోగు ఒకటి తప్పు పడిందని కనిపిస్తే ఏం చేస్తాం? అక్కడే పట్టుకొని లాగితే గుడ్డంతా ముడుచుకుపోతుంది. చివరి పోగు నుంచి ఒక్కొక్కటే వెనక్కి తీస్తూ తప్పు దగ్గరికి పోవాలి. దాన్ని సరిచేసి, తీసినదంతా మళ్ళీ నేయాలి. నేను అదే చేశాను. ముప్ఫై వరుసలనూ నాగవేణి చేత ఆరుసార్లు చదివించుకొని నోటికి పట్టిన తర్వాతే తీయించాను. నడుమ కరెంటు పోతే చేసిన పని పోకూడదని ఒక్కొక్క వరుసకూ బటను నొక్కించాను. పదకొండో దాని దగ్గరికి వచ్చి నా మాట చెప్పబోయేసరికి తీసినవన్నీ తిరిగి వచ్చి కూర్చున్నాయి. దుశ్చర్య కారణంగా మిమ్మల్ని ఆపేశామని ఎర్రక్షరాలు వచ్చాయి.

నాగవేణి ఈ వీధి పిల్లలకు ముప్ఫై ఏండ్లు అన్నం పెట్టి, అక్షరం నేర్పింది. ఆమె చేసింది దుశ్చర్య అన్నారు. రెండు రోజులు ఆమె కుళాయికి కూడా రాలేదు. ముందు ఆమెకు జవాబు చెప్పు.

తీసినది లోపల భద్రంగా ఉంటుందని ఇప్పుడు చెప్తున్నావు. ఆ సంగతి నేను తీసేటప్పుడు ఫోను ఎందుకు చెప్పలేదు?

మొదటి పేజీలో ఎవరైనా దిద్దవచ్చని రాశారు. ఎవరైనా అంటే నేను. నేను కాకపోతే ఆ మాట తీసేయండి. చదువుకున్నవాళ్ళు, కొక్కేలు తెలిసినవాళ్ళు, బస్సు చక్రాలు చూడగలవాళ్ళు దిద్దవచ్చని రాయండి. అప్పుడు నేనడగను.

ఈ చివరి మాటను నేను చెప్పినట్టే రాయమన్నాను: "మా అవ్వకు సేతకాదని అనుకుంటాండావు పాపా. సేతకానిది నాకు కాదు, నీ యంత్రానికి."

మునిరత్నమ్మ వేలిముద్ర


ఏర్పేడు,
19 జూలై 2025

అవ్వా,

జవాబు ఆలస్యమైంది. తల ఎత్తుకోవడానికి రెండు వారాలు పట్టింది.

నీ జాబును ఆఫీసులో నిలబడి గట్టిగా చదివాను. ముళ్ళకంప దగ్గర నవ్వారు. దుశ్చర్య దగ్గర ఎవరూ నవ్వలేదు. మా పెద్దాయన రవిచంద్ర గారు, చదువురాని వాళ్ళ కోసం కాదు కదా మనం దీన్ని చేసింది అన్నారు. మరి మొదటి పేజీలో "ఎవరైనా" అని రాసింది ఎవరని అడిగాను. రాసింది ఆయనే. ఎవరైనా దిద్దగలిగేటట్టు మార్చడానికి రెండు నెలలు తీసుకో, ఏం చేస్తావో చెయ్యి అన్నారు.

నాగవేణి అత్త ఖాతా తెరిపించాను. ఆమెకు వేరే కవరులో క్షమాపణ రాశాను. నీకు కూడా ఇక్కడే చెప్తున్నాను. అడగకుండా అనేశాను.

ఒక చిక్కుంది. నువ్వు వరుస మార్చుకుంటే తనకు అభ్యంతరం లేదని, అయితే ఆధారం చూపాలని గిరిప్రసాద్ గారు అంటున్నారు. లేకపోతే నిబంధన ప్రకారం తీసేస్తారట. ఏ పుస్తకంలోనైనా ఉందేమో వెతుకుతున్నాను. దొరకలేదు.

లోహిత


నగరి,
24 జూలై 2025

లోహితకు,

పుస్తకంలో ఎట్లా దొరుకుతుంది? పుస్తకాలు రాసినవాళ్ళు మీ తాతనే అడిగి ఉంటారు.

మీ నాయనకు కొత్త పడుగు ఆగస్టు పదో తేదీ ఆదివారం వస్తుంది. ఆ సారును పొద్దున ఏడింటికి రమ్మను. ఇడ్లీ పెడతాను. తిన్నాక నా ఎదురుగా కూర్చొని పోగులు అతకాలి. ఆయన పుస్తకంలో అది మగవాళ్ళ పనే కదా. నువ్వూ రా. ఆ పూటంతా నోరు తెరవకుండా చూడు.

నాగవేణి నీ కవరు అందుకుంది. దిండు కింద పెట్టుకుంది. కుళాయికి వస్తోంది.

నువ్వు కొత్తగా చేసేదాంట్లో నన్ను రాయమనవద్దు, చెప్పనీ. నాగవేణిలాగా నా మాట మింగేస్తే తెలియాలి కాబట్టి, చెప్పింది నాకు తిరిగి వినిపించిన తర్వాతే పేజీలోకి పోవాలి. బడి భాషలోకి దిద్దాలనిపిస్తే నన్ను అడిగి దిద్దాలి. తప్పు వరుస మీద వేలు పెడితే ఆ ఒక్కటే కదలాలి, పక్కవాటిని ముట్టకూడదు. ఇంకోటి. పాత వరుసను కోసేయకు. కింద కనపడేటట్టు ఉంచు. పాత కొస లేకుంటే కొత్త పోగును దేనికి అతుకుతావు?

మునిరత్నమ్మ వేలిముద్ర


ఏర్పేడు,
1 సెప్టెంబరు 2025

అవ్వా,

ఆ రోజు నోరు తెరవకుండా కూర్చున్నందుకు నన్ను మెచ్చుకోవాలి. గిరిప్రసాద్ గారు మధ్యాహ్నానికి నలభై ఒక్క పోగులు అతికారు. మగ్గం ఆడించగానే ఇరవై ఆరు ఊడిపోయాయి. నువ్వు ఒక్క మాటా అనకుండా ఒక్కొక్కటే మళ్ళీ అతికావు. ఆయనకు అదే ఎక్కువ తగిలింది. బస్సులో పుత్తూరు దాటేదాకా వేళ్ళు చూసుకుంటూ కూర్చున్నారు. తర్వాత, ఆ వరుసను ఇప్పుడే నేను మార్చేస్తానమ్మా అన్నారు. మా అవ్వను అడగండి అన్నాను. ఫోను మళ్ళీ జేబులో పెట్టుకున్నారు.

ఆయన తీసిన నీ వేళ్ళ వీడియోనే ఆధారం కింద పెట్టారు. పది నిమిషాలు. నీ ముఖం లేదు, వేళ్ళే ఉన్నాయి.

కొత్తది నాగవేణి అత్త ఫోనులోకి పంపాను. ఎట్లా వాడాలో ఈ జాబులో ఒక్క ముక్క కూడా రాయను. రాయాల్సి వస్తే నేను ఓడిపోయినట్టే.

లోహిత


నగరి,
9 సెప్టెంబరు 2025

లోహితకు,

పదకొండో వరుస మార్చాను.

నాగవేణిని ఫోను నా చేతికిచ్చి దూరంగా కూర్చోమన్నాను. ఫోను పేజీని చదువుకుంటూ పోయింది. పదకొండో వరుస దగ్గర వేలు పెట్టాను, ఆగింది. ఈ వరుస తప్పా అని అడిగింది. అవునన్నాను. సరైనది చెప్పమంది. ఆ ఆఫీసరుకు చెప్పాల్సినది చెప్పాను:

"కొత్త పడుగు పోగులు అతికేది ఆడోళ్ళు. మా అమ్మ అతికింది, మా అత్త అతికింది, అరవై మూడేండ్లుగా నేను అతకతాండాను. నా పేరు మునిరత్నమ్మ. మాది నగరి."

తిరిగి వినిపించింది. రెండోసారి కూడా వినిపించమన్నాను. బడి భాషలోకి మార్చమంటారా అని అడిగింది. వద్దన్నాను. నాగవేణి ముఖం కొంచెం ముడుచుకుంది. పాత వరుస కింద ఉంటుంది, సరేనా అంది. ఉండనీ అన్నాను. ఇన్నాళ్ళూ ఏమని రాసి ఉన్నిందో అందరికీ తెలియాలి. జాబుకు ముద్ర వేసే వేలితోనే నొక్కాను.

బటను ఇంకా పెద్దది కావాలి. చదివే ఆమె గొంతు రైల్వే స్టేషనులో చెప్పే ఆమె మాదిరి ఉంది, మార్చు. తక్కినదానికి పేరు పెట్టేది లేదు. అంతకంటే నేను మెచ్చుకోను.

ఇప్పుడు సంగతి వేరే. మరుసటి రోజే నారాయణవనం నుంచి భువనేశ్వరి అనే ఆమె నా వరుస కింద తన మాట చేర్చింది. డెబ్బై ఏండ్లట, అక్షరం రాదట, నా వేళ్ళ వీడియో చూసిందట. వేళ్ళకు బూడిద వద్దు, పోగు నల్లబడుతుంది, మా వైపు బియ్యప్పిండి అద్దుకుంటాము అంటుంది. బియ్యప్పిండి పెడితే పురుగు పడుతుందని చెప్పాను. మా ఇంట్లో పడలేదు, మీ ఇంట్లో పడితే మీ ఇంటి సంగతి అంది. నిన్న ఆమె నాలుగు మాటలు పెట్టింది, నేను ఐదు పెట్టాను. గిరిప్రసాద్ సారు నడుమ వచ్చి ఇద్దరూ ఆధారం చూపాలన్నాడు. ఆయన పోగుల సంగతి నేను ముందే చెప్పి ఉన్నాను కాబట్టి, నీవి నిలిచింది పదిహేను పోగులు, నువ్వు కూర్చో నాయనా అని ఆమె చెప్పింది. ఆ ఒక్క మాటలో ఆమెది సరే.

నువ్వు ఇందులోకి రావద్దు. నా తరపున ఒక్క అక్షరం పెట్టవద్దు, ఆమెను ఆపవద్దు. ఇకమీద జాబు ఆలస్యమైతే కంగారుపడకు. ఆమె పొద్దున్నే లేచే మనిషి మాదిరి ఉంది. నేను అంతకంటే ముందు లేవాలి.

నీ అవ్వ

(వేలిముద్ర లేదని అనుకోవద్దు లోహితా. ఇంకు పెట్టె తెచ్చి అడిగాను. వేలు ఖాళీగా లేదంది. – నాగవేణి)